అటకెక్కిన మే పువ్వు గడ్డ

నేను ఒక గడ్డను. ఉల్లిపాయలా కనిపిస్తాను కాని కూరకు పనికిరాను. ఏడాదికి ఒక్కసారి, ఎండలు మండే మే నెలలో, బంతి అంత ఎర్రటి పువ్వు పూస్తాను. అందుకే నన్ను మే పువ్వు అంటారు. మిగతా పదకొండు నెలలు నేనేం చేస్తానో ఎవరూ అడగరు.

కడియంలో ఒక నర్సరీ మడిలో, తల్లిగడ్డ పక్కన పిల్లగడ్డగా పుట్టాను. ఒకావిడ నన్ను కొనుక్కెళ్లి, పురిటికి వచ్చిన కూతురు సత్యవేణి అత్తారింటికి తిరిగి వెళ్తుంటే, పసిబిడ్డ సామానుతో పాటు సంచిలో వేసింది. అలా తణుకులో ఒక పెయింటు డబ్బాలోకి చేరాను.

సత్యవేణికి భయం ఎక్కువ. పాప తన్విక నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఏడిస్తే బతికున్నట్టే కనుక తల్లి కుదుటపడుతుంది. పాప సన్నగా ఉంటుంది.

"నీ చెయ్యి మంచిది కాదే అమ్మాయ్. నీ చేతిలో ఏదీ ఒళ్లు చెయ్యదు" అంటుంది అత్తగారు భూలక్ష్మి, పప్పులో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా.

నేను వచ్చిన ఏడాది మే నెలలోనే పూశాను. సత్యవేణి అత్తగారిని పిలిచి చూపించింది.

"అది మీ అమ్మ చెయ్యి" అందావిడ.

పువ్వు వాడాక నా ఆకులు వానాకాలమంతా గడ్డలోకి తిండి చేరవేశాయి. కార్తీకంలో పండిపోయాయి. పని అయిపోయింది, ఇక పడుకోవాలి, అంతే. సత్యవేణి మాత్రం నాకు జబ్బు చేసిందనుకుంది. నేను చచ్చిపోతే అత్తగారి మాట నిజమవుతుందనీ, నా తర్వాత వరుసలో ఉన్నది పాపేననీ ఆమె లెక్క. పొద్దునా సాయంత్రం నీళ్లు పోసింది. పాప వదిలేసిన రాగిజావ పోసింది. ఆకులు రాలిపోయాక మట్టిలో వేలు దూర్చి నొక్కి చూసేది. నేను ఏడవను కనుక ఆమెకు ఏమీ తెలిసేది కాదు. నా అడుగు మాత్రం మెత్తబడటం మొదలైంది.

"చచ్చిన గడ్డకి చాకిరీ ఎందుకే? డబ్బా ఇలా తే, కొత్తిమీర జల్లుకుంటాను" అంది భూలక్ష్మి.

సత్యవేణి తల్లికి ఫోను చేసి ఏడ్చింది.

"తవ్వి చూశావా?" అందావిడ.

"రోజూ చూత్తన్నానమ్మా."

"పడుకున్నదాన్ని లేపి, పడుకున్నావా అని అడుగుతావేంటే? తీసి ఆరబెట్టి, నీ చెయ్యి అందని చోట పెట్టు. ఎండలు ముదిరేదాకా దాని మొహం చూడకు."

సత్యవేణి మెత్తబడ్డ చోట చాకుతో గీకి, బూడిద అద్ది, నీడన ఆరబెట్టి, పాత గుడ్డలో చుట్టి నన్ను అటకెక్కించింది. డబ్బా అత్తగారికిచ్చింది. అటక అందుకునే స్టూలు పక్కింట్లో ఇచ్చేసింది, అడిగినా తిరిగి ఇవ్వొద్దని చెప్పి మరీ.

అటక మీద హాయిగా ఉంది. చీకటి, పొడి, ఎవరి వేలూ లేదు. ఆ చలికాలమంతా నా వాటా వేలు కూడా పాప ముక్కుకే పోయింది.

ఎండలు ముదిరాక, పక్కింటివాళ్లను బతిమాలి స్టూలు తెచ్చుకుని గుడ్డ విప్పింది. నా కొసన బియ్యపు గింజంత పచ్చటి మొన ఉంది. ముట్టుకోలేదు. "అత్తయ్యగారూ" అని మాత్రం పిలిచింది.

భూలక్ష్మి వచ్చి చూసింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. వెళ్లి పెయింటు డబ్బా తెచ్చి పెట్టింది. అందులో మట్టి తప్ప ఏమీ లేదు. కొత్తిమీర మొలవలేదు. ఎవరి చెయ్యి మంచిదన్న మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇప్పుడు మళ్లీ డబ్బాలో ఉన్నాను. మధ్యాహ్నం పాప చాప మీద నిద్రపోతోంది. సత్యవేణి వేలు అటు వెళ్లింది, సగం దారిలో ఆగింది, వెనక్కి వచ్చింది. పాప నిద్ర చెడలేదు.

ఆ వేలు కాసేపటికి వచ్చి నా మట్టిలో దూరింది. పర్వాలేదు. నేను ఎలాగూ మేలుకునే ఉన్నాను.