శనివారం సూది

సోల్వైకి నలభై ఒకటి నిండటానికి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఆ రోజు దాటితే సర్కారు ఆసుపత్రిలో బిడ్డ కోసం వైద్యం మొదలుపెట్టరు. ఇచ్చే మూడు అవకాశాల్లో రెండు అయిపోయాయి. ఆ రెండుసార్లూ పొడుగు పద్ధతే. ఈసారి డాక్టరమ్మ పొట్టి పద్ధతికి మార్చింది.

నర్సు యుట్టె కాగితం చూపించి వివరించబోతే సోల్వై నవ్వేసింది. "రెండేళ్లుగా పొట్టలో సూదులు పొడుచుకుంటున్నదాన్ని. కావాలంటే నీకే పాఠం చెప్తా."

"చెబుదువుగానీ, ముందు విను. పొడుగు పద్ధతిలో అండాశయాన్ని వారాల తరబడి నిద్రపుచ్చి, తర్వాత గుడ్లు పెంచే మందిచ్చాం. ఇందులో నిద్రపుచ్చడాల్లేవు, మొదట్నించీ పరుగే. ఆరో రోజు నించి, గుడ్లు ముందే జారిపోకుండా పగ్గం సూది. అది ఒక్కరోజు కూడా తప్పకూడదు."

సోల్వై తలూపింది. చెవిన వేసుకుంటే కదా!

శనివారం పడమటి తీరంలోని వేసవి ఇంటికి వెళ్లారు. పెంచే మందు సంచిలో ఉంది. పగ్గం సూదులు మాత్రం ఆర్హుస్ నగరంలోని ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. భర్త ట్రోల్స్ కారు తాళాలు చేతిలో పట్టుకుని అడిగాడు. "రెండు గంటల దారి. వెళ్లి తెచ్చేదా?"

"ఒక్కరోజుకి కొంపేం మునగదులే. పోయినసారి ముక్కులో కొట్టుకునే మందు ఓ పూట మర్చిపోతే యుట్టే ఫర్లేదంది, గుర్తులేదూ?"

నిజమే, అంది. అప్పటికి అండాశయం మూడు వారాలుగా నిద్రలో ఉంది కాబట్టి అంది. కొత్తగా వచ్చిన మనిషైతే భయపడి ఆ క్షణమే బయల్దేరేది. ఇలాంటి తప్పు చేయడానికి అనుభవం కావాలి.

సోమవారం స్కానింగులో డాక్టరమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. శుక్రవారం ఐదు గుడ్డు సంచులు కనిపించిన చోట ఒక్కటే ఉంది. మిగిలినవి ముందే పగిలి గుడ్లు జారిపోయాయి.

"ఒక్కదాని కోసం అంత నొప్పి ఎందుకు, ఆపేద్దామా?"

సోల్వై ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "ఆపొద్దండీ. ఆ ఒక్కటీ తియ్యండి. మీకు దణ్ణం పెడతాను."

బుధవారం గుడ్డు తీయించుకోడానికి బల్లమీద పడుకుంది. ఆ గదిలో ఓ అలవాటుంది. తీసిన నీటిలో గుడ్డు దొరికినప్పుడల్లా పక్కనున్న ల్యాబు కిటికీలోంచి "గుడ్డు!" అని కేకేస్తారు. మొదటిసారి ఏడు కేకలు, రెండోసారి నాలుగు. ఇప్పుడు తీసిన నీటి ట్యూబు ల్యాబులోకెళ్లింది. కేక లేదు. డాక్టరమ్మ ఆ సంచిని కడిగి, ఆ నీటిని మళ్లీ పంపింది. ఏళ్లుగా చర్చి గడప తొక్కని సోల్వై లోలోపల దేవుణ్ణి దేబిరించింది. ఒక్కసారి అనిపించు స్వామీ, ఒక్కటంటే ఒక్కసారి.

కేక రాలేదు. ల్యాబు మనిషే తలుపు తీసుకుని బయటికొచ్చింది.

కారులో కూర్చున్నాక కూడా ట్రోల్స్ ఇంజను స్టార్టు చేయలేదు. సోల్వై అతని వైపు తిరిగింది.

"అను. 'వెళ్లి తెస్తానన్నానుగా' అను. తిట్టు నన్ను."

అతను స్టీరింగు మీద తల ఆన్చాడు.

"అడిగానంతే, సోల్వై. నువ్వొద్దంటే హాయిగా అనిపించింది. ఆ రోజు టీవీలో మ్యాచ్ ఉంది."