రాజును పొడిచే వేషం

పదకొండేళ్లుగా మా ఊరి తిరునాళ్లలో స్పెయిన్ దొర వేషం నాదే. గులాబీ రంగు కొయ్యముఖం, పసుపు జుట్టు, చేతిలో ఈటె. ఆ స్పెయిన్ వాళ్లు దండెత్తొచ్చి మా కిచే తెగ రాజును చంపిన కథను మేమే ఆడతాం, మేమే చస్తాం. చివర్లో రాజును పొడిచేది నేను. ఛీ, ఇదీ ఒక వేషమేనా!

ఈ ఏటితో ఆ దండయాత్రకు ఐదువందల ఏళ్లట. రాజధాని నుంచి అధికారులు వచ్చి వేదిక మీద కూర్చుంటారట. మా కొండను గని కంపెనీకి రాసిచ్చింది వాళ్లే. వాళ్ల ముందు మళ్లీ ఓడిపోవాలా? నాకు ఒళ్లు మండింది. రాజు వేషం కట్టే మా మేనత్త కొడుకు ఎలియాస్‌ని ఇంటికి పిలిచాను.

“ఈసారి నువ్వు పడకు. నేనే పడతా.”

“అబ్బో! దొరగారికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే!” అని నవ్వి వెళ్లాడు.

మొక్కజొన్న జావ కలుపుతున్న మా అమ్మ దొమింగా గరిటె ఆపేసింది.

“రాజు చావకపోతే శవప్పెట్టె తేరు కదరా?”

“బతికున్నోణ్ణి ఎవరన్నా పూడుస్తారా?”

“మరి నేనెక్కడ ఏడవను?”

“ఏటేటా ఆ ఉత్తుత్తి రాజు కోసం గుండెలు బాదుకుంటావేంటే అమ్మా!”

“రాజు కోసమని ఎవడు చెప్పాడ్రా నీకు?”

నేను కడుపులో ఉండగానే నాన్నను సర్కారు సైన్యం ఎత్తుకుపోయింది. శవం ఇవ్వలేదు. ఊళ్లో అలాంటి ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. అందరికీ కలిపి ఏడాదికి ఆ ఒక్క పెట్టే. ఇన్నేళ్లూ నా కళ్లెదుటే జరుగుతున్నా నాకు తట్టలేదు, మొద్దు వెధవని.

తిరునాళ్ల రోజు మధ్యాహ్నం కొయ్యపలకల మారింబా వాయిద్యం మోగింది. ఎలియాస్ నా చుట్టూ తిరుగుతూ నేను పడతానని చూస్తున్నాడు. ఎలియాస్ చెప్పేశాడేమో, కుర్రాళ్లు అప్పుడే ఈలలేస్తున్నారు. ముందు వరసలో అమ్మా, మిగతా ఆడవాళ్లూ కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడ్డారు. నేను ఈటె ఎత్తి పొడిచాను.

“ఇదేంటి బావా, మాట తప్పావు!” అన్నాడు పంటిబిగువున.

“పడరా, నీకు దణ్ణం పెడతా.”

పడ్డాడు. కుర్రాళ్లు నన్ను తిట్టారు. వేదిక మీద అధికారులు చప్పట్లు కొట్టారు. కొట్టుకోనీ.

పెట్టె వచ్చింది. ఆడవాళ్లు దాని మీద పడ్డారు. ఒక్కొక్కరి నోటా ఒక్కో పేరు. “మతేయో, మతేయో” అని అమ్మ నాన్నను పిలిచి ఏడ్చింది.

గెలిచిన దొర అప్పుడు చిందులేస్తూ చుట్టూ తిరగాలి. నేను కొయ్యముఖం తీసి పక్కన పెట్టి, అమ్మ పక్కన కూలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి “నాన్నా” అని పిలిచాను.