పెద్దాయన గుండీలు

కొట్టు తెరవగానే దర్జీ వదిన ముందు మిషనుకి నూనె వేస్తుంది, తర్వాత ఇస్త్రీ బల్ల కింద తొట్టిలో ఉన్న నీటి తాబేలుకి మేత వేస్తుంది. వదిన అంటే వీధంతటికీ వదినే. తాబేలు పేరు పెద్దాయన. ఏటా ఆయన డిప్ప మీది పాత పొరలు అభ్రకం రేకుల్లా రాలతాయి. వదిన వాటిని రెండు మూడు కలిపి అతికించి గుండీలు చేస్తుంది. ఆ గుండీ ఉన్న చొక్కా తొడుక్కున్నవాళ్లని ఎవరూ తొందరపెట్టలేరు. నత్తి ఉన్న లెక్కల మేష్టారు ఒకటి కుట్టించుకున్నారు. ముద్ద మింగడానికి గంట పట్టే మనవడికి పక్కింటి అమ్మమ్మ ఒకటి కుట్టించింది.

ఈసారి గుండీ వదిన సొంత ఆడపడుచుకే కావాలి. డ్రైవింగు పరీక్ష మూడుసార్లు తప్పింది. బండి నడపడం రాక కాదు. పక్కన ఇన్‌స్పెక్టరు "కానీ, కానీ" అన్నాడంటే ఆమెకి కాళ్లూ చేతులూ ఆడవు. బడి వ్యాను ఉద్యోగం నెలాఖరు దాకా ఆగుతుంది. పరీక్ష సోమవారం.

కిందటేటి గుండీలు అయిపోయాయి. ఈ ఏడు పొర రాలనే లేదు. గురువారం ఆడపడుచు ఒక పొర అంచున గోరు పెట్టింది. పెద్దాయన తలా కాళ్లూ లోపలికి లాక్కున్నాడు.

"ఆగవే! నీ గోరు ఎవరైనా అలా పీకితే ఊరుకుంటావా?" అంది వదిన.

"సోమవారం ముంచుకొస్తోంది వదినా!"

ఇద్దరూ ఆయన్ని బకెట్లో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ డిప్ప నొక్కి చూసింది, వాసన చూసింది.

"మెత్తబడలేదు, పుండు పడలేదు. అదృష్టవంతులు. నీళ్లెప్పుడు మార్చారు?"

వదిన నేలచూపులు చూసింది. కుట్టుపని ఊపిరాడనివ్వక మూడు వారాలైంది.

"నీళ్లు శుభ్రంగా ఉండాలి. ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోడానికి ఓ రాయి పెట్టండి. కిటికీ అద్దం చాటున కాదు, నేరుగా ఎండ తగలాలి. పొర దానంతటదే రాలాలి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి."

"సోమవారానికి రాలుతుందాండీ?" అంది ఆడపడుచు.

"ఆ సంగతి ఆయన్నే అడుగు."

అన్నీ ఆడపడుచే చేసింది. ఆదివారం పెద్దాయన రాయెక్కి, నాలుగు కాళ్లూ చాపి, కళ్లు మూసుకున్నాడు. ఒక పొర అంచు లేచి ఉంది. ఆమె చెయ్యి దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"ఇంత హాయిగా ఉన్న మనిషిని ఎలా కదుపుతాం వదినా? పరీక్షే వాయిదా వేయించుకుంటా."

"మరి ఉద్యోగం?"

"నెలాఖరు రోజున ఖాళీ ఉందట. చూద్దాం."

పన్నెండో రోజు మొదటి పొర జారి నీళ్లమీద తేలింది. ఆడపడుచు కేకకి వదిన ఇస్త్రీ పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఎవరిదో కాలరు మాడింది. సాయంత్రానికి ఐదు పొరలు రాలాయి. కింద కొత్త డిప్ప కడిగిన చింతగింజలా నిగనిగలాడింది.

నెలాఖరున, వదిన కొత్త గుండీ కుట్టిన చొక్కా తొడుక్కుని ఆడపడుచు పరీక్ష బండెక్కింది. సీటు సర్దుకుంది, అద్దం సర్దుకుంది, మళ్లీ సీటు సర్దుకుంది. "కానీ" అనబోయిన ఇన్‌స్పెక్టరుకి ఆవులింత వచ్చింది. వెనకాల ఓ లారీ ఆగింది. దాని డ్రైవరు హారన్ కొట్టకుండా తాపీగా అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె తన ఇష్టమొచ్చినంత నిదానంగా రెండు స్తంభాల మధ్యకి రివర్సు చేసింది.

"ఇంకో చుట్టు తిప్పమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి. "గాలి బాగుంది."

ఒకటో తారీకు పొద్దున్న, అదే చొక్కాతో ఆడపడుచు నడిపిన బడి వ్యాను ప్రతి గుమ్మం ముందూ ఆగింది. పిల్లలు బూట్ల లేసులు కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకున్నారు. తల్లులకి రెండేసిసార్లు టాటా చెప్పి ఒక్కొక్కరే ఎక్కారు. ఏ తల్లీ "త్వరగా" అనలేదు. బడి గంట కూడా, చివరి పిల్ల వ్యాను దిగాకే మోగింది.