నాలుగడుగుల మంచం

మా ఆయన నర్సింగానికి రైల్వేలో కొలువు. కాజీపేటలో క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ రెండింట్లో ఒక గది మాది, ఇంకోటి దవాఖానది.

అవును మరి! ధర్మసాగర్ అవతల మా అత్తగారి ఊళ్ళో ఎవరికి కడుపు నొచ్చినా, కాలు విరిగినా వరంగల్ పెద్ద దవాఖానకు రావాల్సిందే. వచ్చినవాళ్ళు మా ఇంట్లో దిగాల్సిందే. రోగి ఒకడైతే వెంట నలుగురు. నా పిల్లలు శకుంతల, మల్లికార్జున్ ఎక్కడ సందు దొరికితే అక్కడ పడుకునేవాళ్ళు. ఒకనాడు పొద్దున లేచి చూస్తే పిల్లవాడు వంటింట్లో బియ్యం డబ్బాకు ఆనుకుని నిద్రపోతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎనభై రెండులో అనుకుంటా, ఒక ఆఫీసరు గారి బంగళాకు వాళ్ళ పాప పుట్టినరోజుకని పోయాం. అక్కడ పిల్లలకు వేరే గది! గోడల మీద ఏనుగులు, బొమ్మలకు ఒక అల్మారా, రెండు బుల్లి మంచాలు. ఏనుగుల్ని నేను చూడనే లేదు. నా కన్నంతా ఆ మంచాల మీదే. ఎంత పొట్టివంటే, పెద్దవాడెవడూ వాటి మీద కాళ్ళు చాపలేడు.

"మనింట్ల గూడ పిల్లలకు అసొంటి గది చేస్త," అన్నాను దారిలో.

"మనకెందుకే గవన్ని?" అన్నాడు మా ఆయన.

"మీ ఊరోళ్ళ కోసమే," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మంచిదే అయింది.

సున్నంలో నీలిమందు కలిపి గోడలకు నేనే కొట్టాను. మల్లికార్జున్ రైలింజను కావాలన్నాడు. బజారులో బోర్డులు రాసే దావీదు వచ్చి, పొగతో సహా మంచి ఇంజను వేశాడు. వేసి, దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో 'ఇచ్చట ఉమ్మివేయరాదు' అని కూడా రాశాడు.

"ఇదేంది అన్నా?"

"అలవాటు చెల్లె, చెయ్యి ఆగలే. ఉండనియ్, మంచి మాటనే గద!"

మంచాలు చేసే వడ్ల సత్యనారాయణతో మాత్రం గట్టిగా చెప్పాను. "మంచాలు నాలుగడుగులు దాటొద్దు."

"పిల్లలు పెరుగరా అక్కా?"

"వాళ్ళు పెరిగినప్పుడు చూద్దాం. చుట్టాలు ఇప్పటికే పెరిగిండ్రు."

రెండు మంచాలూ వేసి, మధ్యలో బొమ్మల పెట్టె పెడితే నేల మీద చాప పరిచే సందు కూడా మిగలలేదు. పిల్లలు ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి దూకుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

మొదట పంటి నొప్పితో మా ఆయన చిన్నాయన కొడుకు, నాకు మరిది వరసయ్యే యాకయ్య వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. "వదినె, ఇది మంచమా పీటనా?" అంటూ పడుకుంటే మోకాళ్ళ నుంచి కింది భాగమంతా గాలిలో వేలాడింది. వరండాలో దోమల మధ్య నిద్రపోయి, తెల్లారి మొదటి బస్సుకే పోయాడు. ఆ రోజు నేను సేమ్యా పాయసం చేశాను.

తర్వాత రాజవ్వ వచ్చింది. మా అత్తగారి చెల్లెలు. కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. మనిషి మా శకుంతల కంటే జానెడు పొడుగేమో, వంగిన నడుముతో ఆ జానెడు కూడా పోయింది. మూట పక్కన పెట్టి మంచం మీద ఒరిగింది. ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది! గడపలో నిలబడి చూస్తున్న నాకు నా లెక్క తప్పిందని తెలిసిపోయింది.

రాజవ్వ తల దగ్గరి కోడును, కాళ్ళ దగ్గరి కోడును చేత్తో తడిమి చూసుకుంది.

"అనసూర్యా, గీ మంచం నాకోసమే చేయించినవానే? పుట్టినింట్ల నేల మీదనే పన్న. అత్తగారింట్ల మంచం నా మొగనిది. ఆయన పోయినంక కొడుకుది. నాకని ఒక మంచం ఎవ్వలు చేపియ్యలే బిడ్డా. నా కొల్త ఎట్ల యాది పెట్టుకున్నవే?"

నా నోటికి భయపడనివాళ్ళు మా క్వార్టర్ల లైన్లోనే లేరు. అట్లాంటిదాన్ని, ఆమె మూట తీసి మంచం కింద సర్దాను.

"యాదుంటది గదా చిన్నత్తా," అన్నాను.

కట్టు విప్పి, కన్ను బాగయ్యేదాకా ఆమె మా దగ్గరే ఉంది. పిల్లలిద్దరూ రెండో మంచం మీద సర్దుకున్నారు. వెళ్ళేరోజు రాజవ్వ మంచాన్ని కొత్త కంటితో కళ్ళారా చూసుకుని, "ఎవ్వలకియ్యకే బిడ్డా, మల్లస్త," అంది.

"అమ్మా, అది చిన్నవ్వదే గద. పంపియ్యరాదె," అంది శకుంతల.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక మా ఆయన మీద చూపించాను. "సూస్తవేంది? మంచం ఎత్తు!"

మంచాన్ని బస్సు మీదికి ఎక్కించాం. బస్సు మలుపు తిరిగేదాకా రాజవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి పైకే చూస్తూ ఉంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వారం కూడా కాలేదు, యాకయ్య మళ్ళీ దిగాడు. వెంట వాళ్ళ నాయన కైలాసం మామ, చంకలో చుట్టిన చాప.

"రాజవ్వ మంచం మీద కూసోని ఊరందరికి చెప్తాంది వదినె, అనసూర్య అందరి కొల్తలు యాది పెట్టుకుంటదని."

మంచం తీసిన చోట చాప పరిచాడు. కైలాసం మామ దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. తల గోడకు, కాళ్ళు గడపకు. కొలిచి చేసినట్టు సరిపోయాడు. యాకయ్య నోటినిండా పాన్ పెట్టుకుని గోడ మీది రాత చదివి, బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

"నా కొల్త గూడ యాది పెట్టుకున్నవా కోడలా?" అన్నాడు ముసలాయన, కళ్ళు మెరుస్తుండగా.

ఉన్న ఒక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూచున్న నా పిల్లలు నేనేమంటానో అని నన్నే చూస్తున్నారు.

"యాదుంటది గదా మామా," అన్నాను పళ్ళు బిగించి. "జర కాళ్ళు ముడువు, తలుపెయ్యాలె."