అక్క తినేదాకా

చేపకు ఇస్త్రీ చేసిన మొదటి మనిషిని బహుశా నేనే. నవ్వుకుంటే నవ్వుకోండి. మాది ఇస్త్రీ కొట్టు. వేడి వస్తువు ఎదురైతే నొక్కడం తప్ప ఇరవై రెండేళ్లుగా నేను నేర్చుకున్నది ఇంకేమీ లేదు. నీళ్లు చిలకరించు, నొక్కు, తిప్పు, మళ్లీ నొక్కు. ఆ శనివారం సాయంత్రం పెరట్లో బొగ్గుల గ్రిల్ మీద తెల్లచేప ముక్కలు పరిచినప్పుడు కూడా నా చేతులు నన్ను అడగకుండా అదే పని చేశాయి. కాస్త నీళ్లు చిలకరించి, వెడల్పాటి గరిటెతో గట్టిగా ఒక్క నొక్కు నొక్కాను. చేపలో ఉన్న రసమంతా బొగ్గుల మీద పడి చుయ్యిమంది. ముక్క ఇనుప జాలీకి కరుచుకుపోయింది. బలవంతంగా తిప్పబోతే సగం చేతికి వచ్చింది, సగం జాలీలోనే ఉండిపోయింది.

"అది చొక్కా కాదు, చేప" అంది మా ఆవిడ, క్యాబేజీ తరుగుతూ.

గడపలో మా అక్క కుర్చీ వేసుకుని కూర్చుంది. పెదవి బిగపట్టుకుంది. మాట రాక కాదు, ఇక ఈ ఇంటి పొయ్యి సంగతి తనకెందుకని. నా అసలు బాధ కూడా అదే. చేప పాడైతే ఇంకో చేప దొరుకుతుంది. మా అక్క సోమవారం వెళ్లిపోతోంది.

మా అమ్మ కూడా పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకు పదిహేడు. అక్క చదువు మానేసి ఒక కాలేజీ క్యాంటీన్లో గిన్నెలు తోమే పనికి చేరింది. రెండేళ్లకు కూరలు తరిగే బల్ల దగ్గరికి, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చింది. పెద్ద వంటమనిషి అయింది. ముప్పై నాలుగేళ్లు ఆ పొయ్యి ముందే నిలబడింది. క్యాంటీన్ వెనక గది ఆమెకిచ్చారు. నేను పెరిగింది ఆ గదిలోనే. నాకు చదువు అబ్బలేదని తెలిశాక చెవి మెలేసి మరీ ఇస్త్రీ పనిలో పెట్టించింది. ఈ రోజు నా కొట్టు, నా సంసారం, నేను వేసుకున్న చొక్కా, అన్నీ ఆవిడ చలవే. ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పాను. ఆవిడకు ఒక్కదానికే ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడాది అక్క కుడి మణికట్టు మొరాయించింది. అంతంత గుండిగల్లో గరిటె తిప్పీ తిప్పీ నరం నలిగిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఇక బరువు ఎత్తకూడదు, పెద్ద వంటలు చేయకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. క్యాంటీన్ వాళ్లు చప్పట్లు కొట్టి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి, గది ఖాళీ చేయమన్నారు. నేను వెళ్లి రెండు సంచుల సామానుతో అక్కను మా ఇంటికి తీసుకొచ్చాను.

వచ్చి పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజుల్లో ఆవిడ మాతో కలిసి ఒక్క పూట కూడా తినలేదు. "మీరు కానివ్వండి, నాకప్పుడే ఆకలి కాదు" అనేది. మేం తిని లేచాక, మిగిలిందేదో ఎడమ చేతిలో చెంచా పట్టుకుని, సింకు పక్కన నిలబడి తినేది.

"వదిన మనింట్లో చుట్టంలా ఉంటున్నారు" అంది మా ఆవిడ ఒకరోజు. ఆగి, మళ్లీ తనే అంది. "కాదు, చుట్టమైనా కూర్చుని తింటుంది."

గురువారం అసలు సంగతి బయటపడింది. క్యాంటీన్లో పాత క్యాషియరమ్మ ఒకావిడ ఆడవాళ్ల హాస్టల్లో మా అక్క కోసం ఒక మంచం మాట్లాడిందట. సోమవారం చేరిపోవచ్చట.

"ఎందుకక్కా?" అన్నాను.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయిరా. మీది కొండ కూడా కాదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాను. "వెళ్లు, నిన్ను ఆపేదెవరు" అని నోరు జారి కొట్టుకు వెళ్లిపోయాను. ఆ రోజు ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మాడ్చాను. పాపం, ఆ చొక్కా ఏం చేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి వాళ్ల అత్త మంచం మీద చేరి కబుర్లు చెబుతోంది. దానికి పదేళ్లు. దాని నోటి ధాటికి మేం పెట్టుకున్న పేరు పిడుగు.

"అత్తా, నీకు తినడానికి ఏమిష్టం?"

అక్క చాలాసేపు ఆలోచించింది. పక్కగదిలో చెప్పులు విప్పుతూ నేనూ ఆగిపోయాను. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు.

"శుక్రవారాలు క్యాంటీన్లో చేప టాకోలు చేసేదాన్ని" అంది చివరికి. "మొక్కజొన్న రొట్టెలో కాల్చిన చేప పెట్టి ఇస్తే పిల్లలు లొట్టలేసుకుంటూ తినేవాళ్లు."

"నువ్వు?"

"మిగిలితే తినేదాన్ని. మూడొందల మంది లైన్లో నిలబడితే వేడివేడిగా తినడం ఎక్కడ కుదురుతుందే?"

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మరి వడ్డించే మనిషి సంగతి ఎవరు చూస్తారు? సోమవారం లోపల మా అక్క చేతిలో ఒక్క వేడి టాకో పెట్టాలని అప్పుడే అనుకున్నాను. బతిమాలడం నాకు రాదు, మంచి మాటలు చెప్పడం అంతకంటే రాదు. కనీసం బొగ్గులు రాజేయడం వచ్చు.

అలా శనివారం కొట్టు పెందలాడే మూసి, ముళ్లు తీయించిన తెల్లచేప తెచ్చి, మీరు చూసిన నిర్వాకం వెలగబెట్టాను.

రెండో ముక్క కూడా జాలీకి అంటుకునేసరికి అక్క ఇక ఉండలేకపోయింది. ఒక్క ఉదుటున లేచి వచ్చి, "అవతలికి జరుగు" అంటూ నా చేతిలోంచి పట్టకారు లాక్కుంది. అలవాటు కొద్దీ కుడి చేత్తోనే. పట్టకారు రెండు క్షణాలు కూడా నిలవలేదు. వేళ్ల మధ్యనుంచి జారి సిమెంటు నేల మీద ఠంగుమని పడింది.

మా ఆవిడ కత్తి ఆగిపోయింది. అక్క తన చేతికేసి చూసుకుంది, అది తనది కాదన్నట్టు.

నేను వంగి పట్టకారు తీశాను. "కూర్చో అక్కా. చెయ్యేగా పనిచేయనిది, నోరు బాగానే ఉంది. చెప్పు" అన్నాను. మెత్తగా అందామనుకున్నాను, విసుగ్గానే వచ్చింది. ఒక రకంగా అదే మంచిదైంది. జాలిపడితే మా అక్క ఆ సాయంత్రమే సంచులు సర్దుకునేది.

అక్క కుర్చీలో కూర్చుంది. "ముందు ఆ నీళ్ల సీసా దూరంగా పెట్టు. చేపని పొడిగుడ్డతో అద్దు. తడుంటే అంటుకోక ఏం చేస్తుంది?"

అద్దాను. ఉప్పు, కారం, జీలకర్ర పొడి, నిమ్మరసం, కాస్త నూనె పట్టించాను. జాలీని గీకి శుభ్రం చేసి, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి దాని మీద రుద్దమంది. రుద్దాను. ముక్క వేశాను. నా చెయ్యి గరిటె కోసం వెతికింది.

"ముట్టుకోకు."

"మాడిపోతుందేమో."

"మాడదు. కాలడం పూర్తయితే అదే వదులుతుంది. వదలట్లేదంటే ఇంకా కాలలేదని. ప్రతిదాన్నీ నొక్కి లొంగదీద్దామనుకుంటావు, చిన్నప్పటినుంచీ అంతే."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ముక్క అంచులు తెల్లబడ్డాయి. తెలుపు మెల్లగా మధ్యకు పాకింది. అక్క కుర్చీలోంచే వాసన పట్టి "ఇప్పుడు" అంది. పట్టకారు అలా తగిలించానో లేదో ముక్క పువ్వులా పైకి లేచింది. అడుగున జాలీ గీతలు నల్లగా, చక్కగా పడ్డాయి. మా ఆవిడ వచ్చి చూసి, "వదినా, ఈయన చేత ఈ మాత్రం పని చేయించడం పద్నాలుగేళ్లుగా నా వల్ల కాలేదు" అంది. అక్క నవ్వింది. పన్నెండు రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను.

రొట్టెల్ని జాలీ మీద వెచ్చచేశాం. చేపని ఫోర్కుతో పొరలు పొరలుగా విడదీసి, పైన సన్నగా తరిగిన క్యాబేజీ, వెల్లుల్లి కలిపిన పెరుగు వేసి, నిమ్మచెక్క పిండి మడిచాను. మొదటిది అక్క పళ్లెంలో పెట్టాను.

ఆవిడ దానివంక చూడనైనా చూడలేదు. ఎడమ చేత్తో తీసి పిడుగు పళ్లెంలో పెట్టింది. రెండోది పెట్టాను. మా ఆవిడ పళ్లెంలోకి పోయింది. మూడోది పెట్టాను. "నువ్వు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, తిను" అని నా వైపు జరిపింది.

నేను పెరిగిందే ఇలా. ఆ వెనక గదిలో అక్క పళ్లెంలోకి ఏది వచ్చినా నిమిషంలో నా పళ్లెంలో ఉండేది. నేను తినేసేవాణ్ని. నువ్వు తిన్నావా అని ఒక్కసారి కూడా అడిగిన గుర్తు లేదు. చిన్నప్పుడంటే తెలియదు, సరే. పెద్దయ్యాకైనా అడిగానా? ఆ మూడో టాకో చూడగానే నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"ఎవరూ తినకండి" అన్నాను.

పిడుగు నోరు తెరుచుకుని, టాకో నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయింది.

"అక్క తినేదాకా ఈ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. నేను ఇంకో ముక్క పొయ్యి మీద వేయను."

మామూలుగా ఇలాంటి వేషాలు వేస్తే మా ఆవిడ నన్ను దులిపేస్తుంది. ఆ రోజు మాత్రం తన చేతిలోది పళ్లెంలో పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. నా సంసారం మొత్తంలో ఆమెకు నేను ఎన్నిటికో రుణపడి ఉన్నాను కానీ, ఆ ఒక్క నిమిషానికి ఎక్కువగా రుణపడ్డాను.

"ఏంటిరా ఈ మొండితనం? పిల్లదానికి ఆకలేస్తోంది" అంది అక్క.

"అవునత్తా, చాలా ఆకలేస్తోంది. సాయంత్రం బిస్కెట్లు కూడా తినొద్దంది అమ్మ" అంది పిడుగు. అది నాటకం కాదు, కడుపులోంచి వచ్చిన మాట.

మా అక్కను ఎవరైనా తిట్టవచ్చు, అలగవచ్చు, బెదిరించవచ్చు. అవన్నీ తాటాకు చప్పుళ్లే, ఆవిడ చలించదు. కానీ ఎదురుగా ఒక మనిషి ఆకలితో కూర్చుంటే మాత్రం తట్టుకోలేదు. మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. మేం తినాలంటే తను తినక తప్పదు. ముప్పై నాలుగేళ్లలో ఆవిడకు ఎదురుకాని ఇబ్బంది అది.

మూడో టాకోను ఎడమ చేత్తో తీసుకుని, తొందరగా ముగించేద్దామన్నట్టు పెద్ద ముక్క కొరికింది. వెంటనే కళ్లు పెద్దవయ్యాయి. మింగలేదు, ఉమ్మలేదు. నోరు తెరిచి హా, హా అంటూ చేత్తో విసురుకుంది. నాలుక కాలింది.

"ఊదుకుని తినాలత్తా" అంది పిడుగు. "చూడు, ఇలా" అని ఉఫ్ ఉఫ్‌మని చూపించింది.

అక్క బుద్ధిగా ఊదింది. పొయ్యి మీద గుండిగ ఎంత కాగిందో దూరంనుంచి చెప్పగల మనిషికి, వేడి తిండి ఎలా తినాలో పదేళ్ల పిల్ల నేర్పింది. నాకు ఏడుపొచ్చింది. పొగ అని చెప్పుకోలేదు. అందరి ముందూ ఏడ్చాను, పట్టకారు చేతిలో పెట్టుకునే.

"అక్కా, నువ్వు లేకపోతే నేను లేను. నువ్వు ఇక్కడ పని చేయక్కర్లేదు. ఊరికే ఉండు" అన్నాను. ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది ఇంతే. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

అక్క ఊదుకుంటూ, నెమ్మదిగా, చివరి క్యాబేజీ తునక దాకా తింది. తర్వాత పళ్లెం నా వైపు చాచి, "ఇంకొకటి పెట్టరా" అంది.

ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పెట్టాను. పిడుగు ఇక ఎవరి అనుమతీ అడగలేదు. మా ఆవిడా మొదలుపెట్టింది. నేను నాలుగు విడతలు కాల్చాను, ఒక్క ముక్కా అంటుకోలేదు. అందరికంటే ఆఖరున, చల్లారిపోయిన టాకో నిలబడి తిన్నాను. చల్లారిన చేప ఏమంత బాగుండదు. అక్క రోజూ ఎలా తిందో మరి.

తినడం అయ్యాక అక్క మా ఆవిడను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయ్, క్యాషియరమ్మకి ఫోన్ చేసిపెట్టు. ఎడమ చేత్తో ఆ అంకెలు నొక్కడం నాకు చేతకావట్లేదు. ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మని చెప్పు."

"అలాగే వదినా."

"ఆగు. ముందు ఇది కాస్త కడిగిపెట్టు, జిడ్డుగా ఉంది" అంటూ ఎడమ చెయ్యి ముందుకు చాచింది. కుడి మణికట్టుకు ఇంకా కట్టు ఉంది, దాన్ని తడపకూడదు.

మా ఆవిడ సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చి, నేల మీద కూర్చుని ఒక్కో వేలూ కడిగింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పన్నెండు రోజులుగా ఆ ఒక్క చేతిని ఎలా కడుక్కుంటోందో మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.