పొద్దున్న అయిదింటి పాలు

నర్సు అడిగిన ప్రశ్న కరుణమ్మకి పూర్తిగా అర్థం కాలేదు గానీ, అందులో "మిల్క్" అన్న మాట మాత్రం చెవిన పడింది.

"నో. లాస్ట్ నైట్ ఎయిట్ ఓ క్లాక్ తర్వాత నథింగ్," అని కోడలు జోసఫిన్ కంగారులో తెలుగు కలిపి చెప్పేసి, మళ్లీ ఇంగ్లీషులో సర్దుకుంది. నర్సు తలూపి ట్యాబ్లెట్‌లో నొక్కుకుంది. మంచం మీద నాలుగేళ్ల జెమీమా పులిబొమ్మల గౌను వేసుకుని, ఎడమ బుగ్గకి అరచెయ్యి ఆనించుకుని కూర్చుంది. టైము ఏడుంపావు. ఏడున్నరకి లోపలికి తీసుకెళతామన్నారు.

కరుణమ్మ వెనక్కి జరిగి, గోడవారన ఉన్న కుర్చీలో కూర్చుంది.

పిల్ల నోట్లో ఆరు పాలపళ్లు పుచ్చిపోయాయి. పైన ముందువి నాలుగు, కింద దవడవి రెండు. ఆ రెండింటిలో ఒకదాని కింద చీము పట్టి, మూడు నెలల క్రితం బుగ్గ బన్నులా పొంగింది. మందులు వాడితే వాపు తగ్గింది గానీ నొప్పి వదల్లేదు. వీళ్లుండే బెంటన్‌విల్‌లో పిల్లల డెంటిస్టు కుర్చీలో కూర్చోబెట్టి రెండుసార్లు ప్రయత్నించింది. జెమీ పళ్లు బిగబట్టి వాంతి చేసుకుంది. "ఇన్ని పళ్లు మెలకువలో చేస్తే ఈ పిల్ల జన్మలో డెంటిస్టు గడప తొక్కదు. పూర్తిగా నిద్రపుచ్చి ఒక్కసారే చేసేద్దాం," అందావిడ. సర్జరీ సెంటర్‌లో తారీఖు దొరకడానికి పదకొండు వారాలు పట్టింది.

పళ్లు ఎందుకు పుచ్చాయో కూడా ఆవిడే చెప్పింది. రాత్రిళ్లు పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం వల్ల. రెండేళ్ల క్రితం అమెరికా వచ్చి ఆరు నెలలున్నప్పుడు ఆ అలవాటు చేసింది కరుణమ్మే. జోసఫిన్ ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చి, అల్మారాలో మిగిలిన సీసాలన్నీ ఒక కవర్లో వేసి చెత్తబుట్టలో పడేసింది. తిట్టినా బాగుండేదనుకుంది కరుణమ్మ.

ఇవాళ అయిదింటికి జోసఫిన్ స్నానానికి వెళ్లింది. కొడుకు వినయ్ కుమార్ ఆఫీసులో ఏదో సిస్టమ్ మారుస్తున్నారని నాలుగింటికే వెళ్లిపోయాడు. జెమీ లేచి వచ్చి చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. "నానమ్మా, టూత్ నొప్పి. ఆకలి ఉంది." "రేపు పొద్దున్న ఏమీ పెట్టకండత్తయ్యా" అని కోడలు రాత్రి చెప్పిన మాట గుర్తుంది. పెట్టకండి అంటే టిఫిను, అన్నం. అరగ్లాసు పాలు తిండి కిందకి వస్తాయా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. గోరువెచ్చగా పట్టింది. పట్టిన వెంటనే గ్లాసు కడిగి, తుడిచి, లోపల పెట్టేసింది. అంత తొందరగా ఎందుకు కడిగిందో అప్పుడు ఆలోచించలేదు.

తెర పక్కకి జరిపి మత్తు డాక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి. పిల్ల గుండె, ఊపిరి విని, చేతులతో ఏదో చూపిస్తూ జోసఫిన్‌కి వివరించాడు. ఆయన వెళ్లాక కరుణమ్మ అడిగింది.

"ఏమంటున్నాడమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఏదైనా ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అది ప్రమాదమట. మనం ఏమీ పెట్టలేదు కాబట్టి భయం లేదన్నారు."

కరుణమ్మ నరసాపురం మిషన్ హాస్టల్లో ఇరవై ఏడేళ్లు వార్డెనుగా చేసిన మనిషి. చేసిన తప్పు ఒప్పుకోని పిల్లల్ని వరండాలో నిలబెట్టి, ఒప్పుకునేదాకా తనూ ఎదురుగా నిలబడేది. ఇప్పుడు తన నోరే పెగల్లేదు. చెబితే ఇవాళ ఆగిపోతుంది. మళ్లీ పదకొండు వారాలు. ఆ బుగ్గ మళ్లీ పొంగుతుంది. కోడలు మొహం ఎలా చూడాలి? అరగ్లాసేగా. అప్పుడే అరిగిపోయి ఉండొచ్చు.

నర్సు సూది లేని చిన్న పిచికారీలో ఎర్రటి మందు పట్టుకొచ్చింది. ఇది తాగితే పిల్ల మగతగా అవుతుంది, ఏడవకుండా లోపలికి తీసుకెళతారని జోసఫిన్ చెప్పింది. జెమీ కోడిపిల్లలా నోరు తెరిచింది.

"ఆగమను జోసీ," అంది కరుణమ్మ లేచి. "నేను పాలు పట్టాను."

"ఎవరికి?"

"దీనికి. పొద్దున్న అయిదింటికి. నువ్వు స్నానంలో ఉన్నావు."

జోసఫిన్ అత్తగారి వైపు తిరిగింది. "ఎంత?"

"అరగ్లాసు."

జోసఫిన్ పిచికారీ వైపు చూసింది, పిల్ల బుగ్గ వైపు చూసింది. "అరగ్లాసే కదా," అంది ఎవరితోనో అన్నట్టు. నర్సు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. జోసఫిన్ ఆవిడకి ఏమీ చెప్పలేదు. కింది పెదవి మునిపంట నొక్కిపట్టి నిలబడిపోయింది.

ఇక కోడలు చెప్పదని కరుణమ్మకి అర్థమైంది. రెండడుగులు ముందుకేసి నర్సు మణికట్టు పట్టుకుంది.

"సిస్టర్. మిల్క్. ఫైవ్ ఓ క్లాక్. ఐ గివ్."

నర్సు పిచికారీ వెనక్కి తీసుకుని మూత పెట్టేసింది.

డాక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి జోసఫిన్‌ని అడగలేదు. చక్రాల స్టాండు మీద ఒక ఫోను తెప్పించి కరుణమ్మ ఎదుట పెట్టించాడు. అందులోంచి ఎవరో ఆడమనిషి తెలుగులో మాట్లాడింది. "అమ్మా, డాక్టరుగారు అడుగుతున్నది నేను మీకు చెబుతాను. పాలల్లో ఇంకేమైనా కలిపారా?"

"పంచదార. అరచెంచా." ఆ మాట అంటూ కోడలి వైపు చూడలేకపోయింది.

"బిస్కెట్టు, రొట్టె లాంటివి పెట్టారా?"

"లేదమ్మా. ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను."

డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని, కరుణమ్మ కళ్లలోకి చూస్తూ ఏదో అన్నాడు. "చెప్పి మంచిపని చేశారంటున్నారు. పాలు తాగాక ఆరు గంటలు గడవాలట. మిగతా పిల్లల్ని ముందు తీసుకుంటారట. పదకొండు దాటాక ఖాళీ దొరికితే ఇవాళే చేస్తారు. దొరక్కపోతే ఇంకో తారీఖు ఇస్తారు," అంది ఫోనులో గొంతు.

ఆ నాలుగు గంటలూ జోసఫిన్ అత్తగారితో మాట్లాడలేదు. జెమీ ఆకలికి ఏడ్చింది, గౌను పీక్కుంది, తల్లిని కాళ్లతో తన్నింది. కరుణమ్మ పిల్లని భుజాన వేసుకుని కారిడార్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. నడుము లాగేస్తున్నా దించలేదు. పదిన్నరకి ఒక పిల్లాణ్ణి బయటికి తెచ్చారు. పదకొండుకి ఇంకెవరినో లోపలికి తీసుకెళ్లారు. పదకొండూ పది. పదకొండున్నర. నర్సు వచ్చినప్పుడల్లా ఇద్దరూ తలెత్తడం, ఆవిడ పక్కనుంచి వెళ్లిపోవడం. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా ఆవిడ వీళ్ల దగ్గరే ఆగింది.

ఆ ఎర్రటి మందు మగతలో జెమీ మెడ వాలిపోగానే మంచం తోసుకుని వెళ్లారు. తలుపులు మూసుకున్నాయి.

కరుణమ్మ కళ్లు మూసుకుని ప్రార్థనకి కూర్చుంది గానీ మాటలు కుదరలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకుంటూ ఉంది. అరగంట గడిచాక పక్క కుర్చీలోంచి జోసఫిన్ గొంతు వినిపించింది.

"నేనూ అరగ్లాసే కదా అనుకున్నానత్తయ్యా. కన్నతల్లిని."

"విన్నాను."

"మీరు ఆవిడ చెయ్యి పట్టుకోకపోతే..."

"నేను పాలు పట్టకపోతే ఈ గండమే లేదు. అది కూడా అను," అంది కరుణమ్మ.

"అనుకున్నాను. పొద్దుటి నుంచీ అదే అనుకుంటున్నాను." జోసఫిన్ మొహం తుడుచుకుంది. "నేనైనా ఎందుకు పెట్టకూడదో చెప్పాల్సింది. పెట్టకండి అని హడావిడిగా అనేసి వెళ్లిపోయాను."

రెండు కావస్తుండగా డెంటిస్టు మాస్కు కిందకి లాక్కుంటూ వచ్చింది. పైన నాలుగింటికీ తెల్ల తొడుగులు వేశామంది. ఒక దవడపన్ను లోపల పాడైన నరం తీసి స్టీల్ క్యాప్ బిగించారు. చీము పట్టినదాన్ని మాత్రం కాపాడలేకపోయారు, పీకేశారు. అక్కడ అసలు పన్ను వచ్చేదాకా పక్కవి జరగకుండా సన్నటి తీగ కట్టారు. ఊపిరి అంతసేపూ చక్కగా ఉందని చెప్పింది. ఆ చివరి ముక్క జోసఫిన్ తెలుగులో చెప్పకముందే కరుణమ్మకి డెంటిస్టు మొహంలో తెలిసిపోయింది.

జెమీ లేస్తూనే గగ్గోలు పెట్టింది. నోట్లోంచి కొద్దిగా నెత్తురు కలిసిన ఉమ్మి కారింది. తల్లి ఒళ్లో కాసేపు పెనుగులాడి, అలిసిపోయి, ఊరుకుంది. నర్సు ఇచ్చిన జాగ్రత్తల కాగితం జోసఫిన్ పర్సులో పెట్టుకోలేదు. అత్తగారి పక్కన కూర్చుని ఒక్కొక్క లైనే తెలుగులో చెప్పింది. దేనికి ఎందుకో కూడా చెప్పింది. కరుణమ్మ అర్థంకానివి రెండోసారి అడిగింది.

"ఇదొకటి ముఖ్యమత్తయ్యా. ఎడమవైపు ఇంకో రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుందట. నొప్పి తెలీక పెదవి కొరికేసుకుంటారట పిల్లలు."

"నేను చూస్తాలే. నువ్వు బండి నడుపు."

వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చుని, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించింది కరుణమ్మ. ఫ్రీవే ఎక్కాక జెమీ పెదవి ఒకసారి పళ్ల మధ్యకి జారింది. నెమ్మదిగా వేలితో బయటికి తీసింది. ఇంకోసారి జారింది, మళ్లీ తీసింది. ముందు సీట్లోంచి జోసఫిన్ అద్దంలో చూసి, "కొరికిందా?" అని అడిగింది.

"లేదు. నేనున్నాగా. నువ్వు రోడ్డు చూడు," అంది కరుణమ్మ, పిల్ల పెదవి మీంచి చూపు తిప్పకుండా.