గోడ మీది ఖాళీ జాగా

"నువ్వు ఫ్రిజ్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళొస్తున్నావో ఎప్పుడైనా గమనించావా?"

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి భర్త అడిగిన మాట ఇది. ఆమె అప్పుడు ఒక చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ, రెండో చేత్తో కూతురి లంచ్ బాక్సు మూత కోసం వెతుకుతోంది.

"పాలు మీ కాఫీకి, కంట్లో చుక్కల మందు అత్తయ్యగారికి, పెరుగు పిల్లకి. ముగ్గురూ కూడబలుక్కుని ఒకేసారి అడిగితే ఒక్కసారే వెళ్తాను" అంది.

"కస్టమర్ మీదికి తప్పు నెట్టకూడదోయ్. లీన్‌లో అది మొదటి పాఠం" అని పకపకా నవ్వాడతను.

అతని సాఫ్ట్‌వేర్ కంపెనీలో లీన్ పద్ధతి మొదలై కొన్ని వారాలే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ ఉత్సాహం ఆఫీసు గేటు దగ్గర ఆగక ఇంటిదాకా వచ్చింది. ఎవరికీ అక్కరకు రాని పనులన్నీ ఏరి అవతల పారేయడమే లీన్ అని భోజనాల దగ్గర అతనే వివరించాడు. ఊరికే తిరగడం వృథా, ఊరికే పోగేయడం వృథా, పని ఒకచోట ఆగిపోయి ఎవరికోసమో వేచి ఉండటం అన్నిటికన్నా పెద్ద వృథా. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటూ ఆదివారంనాడు వంటింటి డబ్బాలన్నీ తన లెక్క ప్రకారం సర్దాడు. రోజూ వాడే పప్పుల డబ్బాలు పై అరలోకి పోయాయి. సోమవారం ఆమె స్టూలెక్కి అవి దింపుకోవలసి వచ్చింది. స్టూలెక్కడం ఏ రకం వృథా కిందికి వస్తుందో అడుగుదామనుకుంది కానీ, అడిగితే దానికీ ఒక పాఠం ఉంటుంది. నోరు మూసుకుని డబ్బాలను మళ్ళీ పాత చోటికే చేర్చింది. ఆ సంగతి అతను ఇప్పటికీ గమనించలేదు.

"అన్నట్టు, ఇవాళ మధ్యాహ్నం ఆఫీసుకి రారాదూ? పని మొత్తం గోడ మీద పరిచి చూపిస్తారు. మార్కెటింగ్ వాళ్ళు మన పాత గది కథ కూడా చెప్తారట. నీకు సరదాగా ఉంటుంది" అన్నాడతను, కప్పు సింకులో పెడుతూ.

కూతురు కాలేజీలో చేరింది, ఇక నేను మళ్ళీ పనిలోకి వస్తాను అని ఆమె అడిగి నెల దాటింది. "చూద్దాం. ఇప్పుడేమో మేమే మనుషుల్ని తగ్గించుకుని సన్నబడుతున్నాం" అని అతను దాటవేశాడు. ఇవాళ రమ్మంటున్నాడంటే, నలుగురిలో ఆ మాట ఎత్తడానికేనేమో. ఎన్నో ఏళ్ళ కింద మడత పెట్టిన బట్టలు బీరువాలోంచి తీసి, వాసన చూసి, ఇస్త్రీ చేసుకుంది.

ఇస్త్రీ పెట్టె కింద నుంచి ఆవిరి లేవగానే ఆమెకి ఎప్పుడూ ఆ గదే గుర్తొస్తుంది.

లాండ్రీ మీది గది అది. పెళ్ళైన కొత్తలో సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడదామని ఇద్దరూ ఉద్యోగాలు మానేసి అందులో దిగారు. కింద బాయిలర్ వెలిగిస్తే పైన నేల కాళ్ళకి గోరువెచ్చగా తగిలేది. చలికాలంలో స్వర్గం, ఎండాకాలంలో పెనం. గదంతా గంజి వాసన, సబ్బు వాసన. ఒకటే బల్ల, ఒకటే కంప్యూటర్. ఒకరు కోడ్ రాస్తుంటే రెండోవాళ్ళు గిన్నెలు తోమేవాళ్ళు. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే ఆ పని వాళ్ళది, అంతే. ఆ పద్ధతి ఎవరూ పెట్టింది కాదు, గది చిన్నదవడం వల్ల దానంతట అదే వచ్చింది. "ఈ ఫంక్షన్ ఎక్కడ తన్నేసిందో చూడు, నేను అన్నం దించుతాను" అని అతను అంటే, ఆమె తడి చేతులు చున్నీకి తుడుచుకుని కుర్చీలోకి దూకేది. ఆ రోజుల్లో ఆమె అతన్ని నువ్వనే పిలిచేది.

కింది లాండ్రీ పెద్దాయనే వాళ్ళ మొదటి కస్టమర్. ఆయన దుకాణంలో బట్టలు తారుమారవడం రోజూ ఉండేదే. బడి పంతులుగారి ప్యాంటు బస్సు కండక్టర్ ఇంటికి, కండక్టర్ చొక్కా దంత వైద్యుడింటికి వెళ్ళేవి. భర్త ఉత్సాహంగా పెద్ద ప్రోగ్రామ్ గీశాడు. అందులో సబ్బు నిల్వలు, పనివాళ్ళ హాజరు, ఏడాది చివరి లెక్కలు, లేనిది లేదు. అది రాయాలంటే ఏడాది పడుతుంది.

"ముందు జనానికి ఏం కావాలో చూద్దాం. నువ్వు గీసింది నీకు కావలసింది" అంది ఆమె.

అతను మూతి ముడుచుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. ఇస్త్రీ బట్టల దొంతరల వెనక స్టూలేసుకుని కూర్చుంది. ఒక్క లైను కోడ్ కూడా రాయకుండా, ప్రోగ్రామ్ చేయాల్సిన పని తనే చేసింది. వచ్చినవాళ్ళు ఏమడుగుతున్నారో విన్నది. పోయిన చొక్కా కోసం పోట్లాడేవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు. "నా బట్టలయ్యాయా" అని వచ్చి, అవలేదని ఉసూరుమంటూ వెనక్కి పోయేవాళ్ళు మాత్రం రోజంతా వస్తూనే ఉండేవాళ్ళు. వాళ్ళకి కావలసింది ఆ ఒక్క కబురు. బట్టలు తయారవగానే ఆమే తన ఫోన్ నుంచి కబురు పంపడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా పెద్దాయన మెట్లెక్కి పైకొచ్చాడు. "అమ్మాయ్, నువ్వు చేసేదే మీ మెషీన్ చేత చేయించండి. ఇంకేం వద్దు నాకు" అన్నాడు.

ఆ సాయంత్రం భర్త తన పెద్ద ప్రోగ్రామ్ కాగితాలు చింపి, "నిన్ను కట్టుకోవడమే నా జీవితంలో నేను చేసిన తెలివైన పని" అన్నాడు. పకాలున నవ్వుకున్నారిద్దరూ. ఆమె ఆలోచనే మరొకటి: ఇస్త్రీ బట్టలు చుట్టే కాగితం మీద "మీ బట్టలు సిద్ధమైతే మీ ఫోనే చెబుతుంది" అని ముద్ర వేయించింది. దానికి ఖర్చు లేదు, హంగు లేదు. ఆ కాగితాలు చూసి పక్క వీధి లాండ్రీవాళ్ళు, ఆ తర్వాత టైలర్లు, ఆ తర్వాత కళ్ళజోళ్ళ దుకాణాలవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మెట్లెక్కారు. లీన్ అనే మాట అప్పటికి వాళ్ళిద్దరూ విననే లేదు.

తర్వాత కూతురు పుట్టింది. సాయానికని అత్తగారు వచ్చారు. వచ్చిన మర్నాడే, "మగాడు గిన్నెలు తోముతుంటే గుడ్లప్పగించి చూస్తున్నావేమిటే, చోద్యం కాకపోతే!" అన్నారు. అతను నవ్వి పీచు సింకులో వదిలేసి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. కంపెనీ పెద్ద భవనంలోకి మారింది. పిల్ల నడవనీ, తర్వాత వద్దువుగాని అన్నాడు. నడిచింది. బడికెళ్ళనీ అన్నాడు. వెళ్ళింది. పరీక్షలు కానీ అన్నాడు. ప్రతిసారీ మంచి మాటే, ప్రతిసారీ ప్రేమగానే. అందుకే ఆమెకి పోట్లాడటానికి పట్టు దొరకలేదు.

పాప నడక నేర్చే రోజుల్లో ఒక సాయంత్రం అతను కొత్త వెర్షన్ ఉన్న ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాడు. "నువ్వు ఒకసారి చూడు. నీ కన్ను వేరు" అన్నాడు. ఆమె చూసింది. చేతులు తడిగా ఉన్న ఇల్లాలు ఒంటి వేలితో నొక్కినట్టు నొక్కింది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయిన తాతలా దూరం నుంచి చదివింది. కోపంతో ఉన్నవాడిలా ఒకే మీట టకటకా కొట్టింది. అందరి కళ్ళూ కప్పిన తప్పు ఆమె వేలి కింద బయటపడింది. ఇక అది అలవాటైపోయింది. ఏ వెర్షన్ పూర్తయినా బయటికి వెళ్ళే ముందు ఒక సాయంత్రం భోజనాల బల్ల మీదికి వచ్చేది. మొదట్లో అతను ఎదురుగా కూర్చుని, ఆమె చెప్పినవి రాసుకునేవాడు. ఆ కాసేపూ ఆమెకి నేల గోరువెచ్చగా ఉన్నట్టే ఉండేది. రాను రాను అతను టీవీ ముందుకి జరిగాడు. అయినా ఆమె ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూసేది, ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకేం సిగ్గు లేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో పెద్ద గోడ పొడుగునా గోధుమరంగు కాగితం అంటించి ఉంది. కస్టమర్ అడిగిన దగ్గర్నుంచి అతని చేతికి అందేదాకా పని నడిచే దారంతా పసుపు చీటీలుగా పరిచారు. వృథా అనుకున్న చోట గులాబీ చీటీ. కోచ్ మేడమ్ అని అందరూ పిలిచే ఆవిడ, బయటి నుంచి వచ్చి ఈ పద్ధతి నేర్పుతున్న మనిషి, ఆ దారి వెంట మెల్లగా నడుస్తోంది. ఇంటి నుంచి వచ్చిన ఆమెకి వెనక వరసలో కుర్చీ వేశారు.

ముందు మార్కెటింగ్ అమ్మాయి పాత గది కథ చెప్పింది. చక్కగా, కళ్ళకు కట్టినట్టు చెప్పింది. "సార్ లాండ్రీలో బట్టల దొంతరల వెనక స్టూలేసుకుని కూర్చున్నారు. ఒక్క లైను కోడ్ రాయకుండా కస్టమర్ మాట విన్నారు. నాయకత్వమంటే అదీ!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. భర్త వెనక్కి తిరిగి ఆమెని చూసి చిరునవ్వు నవ్వాడు, చిన్నపిల్లల కథలో కాస్త అబద్ధముంటే పెద్దవాళ్ళు నవ్వుకునే నవ్వు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. చేతులు వాటంతటవే కొట్టాయి.

తర్వాత కోచ్ మేడమ్ గోడ చివర ఆగింది. కోడ్ పూర్తి అన్న చీటీకీ, రిలీజ్ అన్న చీటీకీ మధ్య జానెడు ఖాళీ జాగా ఉంది.

"పని అయిపోయింది కదా. ఇక్కడ ఒక సాయంత్రం, ఒక రాత్రి ఎందుకాగింది?"

"సార్ ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్తారండి" అన్నాడు ముందు వరసలో ఒక డెవలపర్. "పొద్దున్నే మేం చూడని తప్పులన్నీ చెప్పేస్తారు. సార్ కన్ను అలాంటిది."

"అలాగైతే ఇది ఆగడం కాదు, పరీక్షించడం. చేసేదెవరు?"

ప్రశ్న సూటిగా ఉంది. జవాబు వెనక వరసలో కూర్చుని ఉంది. అతను ఒక్క మాట అంటే చాలు. ఆమె వెన్ను తెలియకుండానే నిటారైంది, కాళ్ళు లేవడానికి సిద్ధమయ్యాయి. అతను మెడ వెనక చెయ్యి రాసుకుని, నవ్వాడు.

"అబ్బే, పరీక్షా గిరీక్షా ఏమీ కాదు. ఇంటికెళ్ళి ఊరికే ఒకసారి తిరగేస్తాను. పాత అలవాటు. తీసేయండి."

గులాబీ చీటీ మీద ఎవరో "వేచి ఉండటం" అని రాసి, ఆ ఖాళీలో అంటించారు.

ఆమెకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇన్నేళ్ళ సాయంత్రాలు, ఆ తాత, ఆ తడిచేతుల ఇల్లాలు, అన్నీ కలిపి గోడ మీద ఏమీ జరగని చోటు. లేచి చెప్పొచ్చు. కానీ అంతమందిలో మొగుణ్ణి అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. ఇంటిగుట్టు లంకకు చేటని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన మనిషి. కుర్చీ వదల్లేదు. కోపం తర్వాత, కారులో, అతను రేడియో పెట్టినప్పుడు వచ్చింది.

"బావుంది కదూ? నువ్వేమిటి ఏమీ మాట్లాడలేదు?" అన్నాడు.

"నన్నెవరూ అడగలేదు" అంది.

భోజనాలయ్యాయి. కంచాలు ఒక పక్కకి జరిపి, అతను బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. "కొత్త వెర్షన్. రేపు పొద్దున్నే రిలీజ్. కాస్త చూసిపెట్టు" అని, రిమోట్ కోసం వెతుక్కుంటున్నాడు.

"ఈ మెట్టు తీసేశారుగా" అంది ఆమె.

అతను నవ్వాడు. "అదా! అది గోడ మీద. అంతమంది ముందు మా ఆవిడ చేస్తుందని ఎలా చెప్పను? కంపెనీ పరువేం కావాలి? మన మధ్య ఇవన్నీ ఏమిటి?"

"వాడంతగా అడుగుతుంటే చూసిపెట్టరాదూ?" అన్నారు అత్తగారు సోఫాలోంచి. "ఇప్పుడు నువ్వు మునిగిపోయే పనేముంది గనక!"

ఆమె తెర వంక చూసింది. వెలుగుతున్న ఆ తెర మీదికి వేళ్ళు వాటంతటవే పోబోయాయి. ఆ గంటంటే ఎంత ఇష్టమో ఆమెకి తెలుసు. ఆ ఇష్టాన్నే ఇన్నాళ్ళూ జీతం లేకుండా, పేరు లేకుండా వాడుకున్నారని ఇప్పుడు తెలిసింది. ఆ గదిలో ఉన్నప్పుడైతే ఇదే మాట అరచి చెప్పేది, అతను వినేవాడు కూడా. ఆ గది మీద బెంగ పెట్టుకుని ఈ బల్ల దగ్గర ఎన్ని సాయంత్రాలు కూర్చుందో తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ల్యాప్‌టాప్ మూత నెమ్మదిగా దించి, అతని వైపు జరిపింది.

"దీన్ని చూసేదెవరని కోచ్ మేడమ్ అడిగింది. రేపు నేనొచ్చి, ఆ గోడ దగ్గర నిలబడి జవాబు చెప్తాను. ఇక మీదట చూడటమంటూ ఉంటే అక్కడే, నా కుర్చీలో కూర్చుని చూస్తాను" అంది. అతను రిమోట్ కింద పెట్టాడు. "మరి రేపటి రిలీజో?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఆగుతుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నిజంగానే ఆగుతుంది."